స్నోవైట్ కనిపించని రైడు

పాత ఫోటోల మీద మోజు ఇప్పుడొక సాంస్కృతిక ధోరణిగా స్థిరపడింది. మన దగ్గర స్టూడియో ఫోటోలు, పెళ్లి ఆల్బమ్‌లు, చందమామ ముఖచిత్రాలు ఆ మోజుకు సరుకైతే, అమెరికాలో డిస్నీలాండ్ స్లైడ్లు సరుకు. ఇంటి పెద్దలు పోయాక వాకిట్లో పెట్టి అమ్మే పాతసామాన్లలో స్లైడ్ల పెట్టెలు దొరుకుతాయట. వాటిని కొని, దుమ్ము తుడిచి, ఏ సంవత్సరానివో పోల్చుకుని మురిసిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు ప్రత్యేకంగా బెంగపడేది ఫాంటసీలాండ్ గురించి. ఆ ఫోటోల్లో కనిపించే ఫాంటసీలాండ్ ఇప్పుడు లేదు. 1983లో దాన్ని దాదాపు పూర్తిగా మార్చి కట్టారు.

కాలిఫోర్నియాలో ఉంటున్న మా అక్క కూతురు అలాంటి పెట్టె ఒకటి నాకు తెచ్చి ఇచ్చింది. ఎవరో ముక్కూమొహం తెలియని కుటుంబం. అరవైలలో తీసినవి, నలభై దాకా ఉన్నాయి. సూళ్లూరుపేటలో మా వరండాలో నిలబడి వెలుతురుకు ఎదురుగా పెట్టి ఒక్కొక్కటే చూశాను. రంగులు కొంచెం కూడా వెలవలేదు. చూసేకొద్దీ నన్ను పట్టుకున్నది ఒక ప్రశ్న. ఈ అద్భుతలోకంలో ఆడవాళ్లు ఎక్కడ ఉన్నారు, ఎక్కడ లేరు? బొమ్మలో లేకపోవడం అన్నిసార్లూ ఒకే అర్థాన్నిస్తుందా?

ముందు ఆ స్థలం గురించి కొంచెం చెప్పాలి. 1955 జూలై 17న అనహైమ్‌లో డిస్నీలాండ్ తెరిచారు. అందులో నిద్రసుందరి కోట దాటి లోపలికి వెళ్తే వచ్చే భాగం ఫాంటసీలాండ్. స్నోవైట్, పీటర్ పాన్ కథల రైడ్లు, ఎగిరే ఏనుగుపిల్ల డంబో, గిరగిరా తిరిగే టీకప్పులు, గుర్రాల రంగులరాట్నం అక్కడ ఉంటాయి. మొదట్లో డబ్బూ చాలలేదు, సమయమూ చాలలేదు. అందుకని రైడ్ల ముందు భాగాలను మధ్యయుగపు వీరుల పోటీల్లో వేసే గుడారాల్లాగా, జెండాలూ రంగు పట్టీలతో సరిపెట్టారు. ఒక ట్యూనా చేపల కంపెనీ సొమ్ముతో నడిచే ఓడ ఆకారపు హోటలు ఉండేది. 1960లో దాని పక్కన పుర్రె ఆకారంలో ఒక కొండ కట్టారు. 1982లో ఆ ఓడను, కొండను తీసేశారు. 1983 మే 25న తెరిచిన కొత్త ఫాంటసీలాండ్ గుడారాలు పోయి, రాతిగోడలూ కలప దూలాలూ ఉన్న పాత యూరప్ పల్లెటూరిలా తయారైంది.

పాత ఫోటోల అభిమానులు చెప్పే మాట ఒకటే. అప్పటి పార్కులో అమాయకత్వం ఉంది, ఇప్పటిదంతా హంగు. ఎవరి అమాయకత్వం అని అడగకుండా ఆ మాటను ఒప్పుకోవడం నాకు కష్టం. అందుకు ఒక రైడును కాస్త నిదానంగా చదవాలి.

1955లో తెరిచిన స్నోవైట్ రైడులో స్నోవైట్ లేదు. చిన్న బండిలో కూర్చుంటే అది పట్టాల మీద చీకట్లోకి తీసుకుపోతుంది. మరుగుజ్జుల గని వస్తుంది. చేతులు చాచే చెట్ల అడవి వస్తుంది. ఆపిల్ పట్టుకుని మంత్రగత్తె ఎదురవుతుంది. చివరికి ఆ మంత్రగత్తే కొండ మీదినుంచి బండరాయి మన మీదికి దొర్లించబోతుంది. అంతలో తలుపులు తెరుచుకుని ఎండలోకి వచ్చిపడతాం. అమ్మాయి మాత్రం ఎక్కడా కనిపించదు. ఇది మరిచిపోయి చేసింది కాదు. బండిలో కూర్చున్న మనిషే స్నోవైట్ అని దాని రూపకర్తల ఆలోచన. పీటర్ పాన్ రైడులో కూడా మొదట పీటర్ పాన్ బొమ్మ లేదు, కారణం అదే. కానీ చూడడానికి వచ్చినవాళ్లకు ఇది అర్థం కాలేదు. బయటికొచ్చి స్నోవైట్ ఏది అని అడిగేవారట. 28 ఏళ్లు అడిగించుకుని, 1983లో స్నోవైట్ బొమ్మను ఒకచోట పెట్టారు. చివర్లో కలకాలం సుఖంగా జీవించారన్న మాటనూ చేర్చారు.

ఈ చిన్న మార్పు నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. జనం అడిగిన ప్రశ్న వెనక ఒక శిక్షణ ఉంది. 1937 నాటి సినిమా స్నోవైట్‌ను చూడవలసిన వస్తువుగా నేర్పింది. ఆమె కళ్లతో చూడడం నేర్పలేదు. అందుకే ఆమె చోట తామే కూర్చుని, ఆమె పడిన భయాన్నే పడి బయటికొచ్చాక కూడా ఆమె ఏది అని వెతుక్కున్నారు. మగవాళ్లు, పిల్లలు, తాతలు ఒక ఆడపిల్ల స్థానంలో కూర్చునే అవకాశం వచ్చింది. అలా కూర్చున్నామని వాళ్లకు తెలియనే లేదు. 1983లో బొమ్మ పెట్టడంతో ఆ అవకాశం కూడా ముగిసింది. ఆమె మళ్లీ చూపుకు ఎదురుగా నిలబడింది, మనం మళ్లీ ప్రేక్షకులమయ్యాం.

అయితే పాతదే స్త్రీ పక్షాన ఉందని తీర్మానించేస్తే అదీ తొందరపాటే. ఆ పాత రైడు మనకు స్నోవైట్ జీవితంలోంచి ఇచ్చింది భయం ఒక్కటే. బండికి స్టీరింగు లేదు. ఎటు పోవాలో పట్టాలు నిర్ణయిస్తాయి. పారిపోవడం, తరమబడడం తప్ప ఆమెకు ఇంకో పని లేదు. పైగా కొత్తలోనూ పాతలోనూ తప్పకుండా కనిపించే స్త్రీ ఒకతె ఉంది, ఆమె మంత్రగత్తె. 1983 తర్వాతైతే ఆ రాణి రైడు పైనున్న కిటికీ తెర తొలగించి కిందికి తొంగిచూస్తుంటుంది కూడా. వయసైన స్త్రీకి ఆ లోకంలో దొరికిన శాశ్వతమైన చోటు అది. కన్నెపిల్ల ఉండీ లేనట్టు ఉంటుంది, ముసలిది మాత్రం ఎప్పుడూ ఉంటుంది, భయపెట్టడానికి.

ఇక్కడే ఇంకొక ముసలామెను తలుచుకోవాలి. 1961 నుంచి కొన్నేళ్లు రాత్రిపూట బాణసంచా కాల్చే ముందు మాటర్‌హార్న్ కొండ మీదినుంచి తీగకు వేలాడుతూ కోట పైగా జారివచ్చిన టింకర్‌బెల్ ఒక సర్కస్ కళాకారిణి. పేరు టైనీ క్లైన్, హంగరీ నుంచి వలస వచ్చినామె. అప్పటికి ఆమెకు 70 ఏళ్లు. కింద నిలబడ్డ వేలమంది ఆమెలో చూసింది రెక్కల చిన్నారిని. ఎవరైనా ఫోటో తీసినా అందులో పడేది చీకట్లో ఒక వెలుగు గీత. అలాగే 1966లో ఫాంటసీలాండ్‌లో తెరిచిన ‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’ రంగులూ ఆకారాలూ మేరీ బ్లెయిర్ అనే చిత్రకారిణివి. ఆ బొమ్మల దుస్తులు ఆలిస్ డేవిస్ రూపొందించినవి. వాటి ముందు నిలబడి లక్షలమంది ఫోటోలు దిగారు. వాళ్ల చేతిపని ప్రతి ఫోటోలో ఉంది, వాళ్లు లేరు. స్నోవైట్ లేకపోవడమూ ఈ స్త్రీలు లేకపోవడమూ ఒకటి కాదు. ఒకచోట ఖాళీ సీటు ఉంది, ఎవరైనా కూర్చోవచ్చు. రెండోచోట సీటు నిండే ఉంది, కూర్చున్నామెను చూపు దాటేసింది.

ఈ తేడా పట్టుకుని మళ్లీ స్లైడ్లు చూశాను. నా పెట్టెలోని కుటుంబంలో తండ్రి రెండు ఫోటోల్లోనే ఉన్నాడు. కెమెరా ఆయన చేతిలో ఉందని దాన్నిబట్టే తెలుస్తుంది. ఆయన లేకపోవడం అధికారం. తల్లి దాదాపు అన్నిట్లో ఉంది. ఎత్తు మడమల చెప్పులు, మోచేతికి సంచి, ఇంకో చేతిలో పిల్లల కోట్లు. టీకప్పుల దగ్గర పిల్లలు కప్పులో ఉంటారు, ఆమె కంచె అవతల ఉంటుంది. ఓడ ముందు పిల్లలు నవ్వుతుంటే ఆమె ఒకడి జుట్టు సర్దుతుంటుంది. ఉండడం కూడా ఒక చాకిరీయే అని ఆ స్లైడ్లు చెప్తున్నాయి. పాత పార్కు కోసం బెంగపడేవాళ్లు ఇదే ఫోటోలో గుడారం చారలు ఏ ఏడాదివో చూస్తారు. ఆమె చేతుల్లో ఉన్న కోట్లను లెక్కపెట్టేవాళ్లు తక్కువ.

మనవాళ్లు ఈ ఫోటోల్లోకి వచ్చింది ఆలస్యంగానే. 1965 వలస చట్టం తర్వాతే మన డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో అమెరికా వెళ్లడం సాధ్యమైంది. సూళ్లూరుపేట వంటి ఊళ్లో ఆ ఫోటో ఇంటి షోకేసులోకి చేరడం మరీ ఇటీవలి సంగతి. శ్రీహరికోట రాకెట్ కేంద్రం పక్కన పెరిగిన ఊరు ఇది. చదువుకుని వెళ్లిపోయిన పిల్లలు ఈ వీధుల్లో ఇంటికొకరైనా ఉంటారు. వాళ్ల తల్లులు ఆరు నెలలకని అమెరికా వెళ్తారు. ఎక్కువమంది వెళ్లేది పురుడు పోయడానికి. పథ్యం వండి, నీళ్లు పోసి, పసిబిడ్డను ఎత్తుకుని, తిరిగొచ్చే ముందు ఒక రోజు డిస్నీలాండ్ చూస్తారు. ఆ రోజు ఫోటో నేను మా వీధిలో నాలుగిళ్లలో చూశాను. చీర మీద స్వెట్టరు, కాళ్లకు కూతురి స్పోర్ట్స్ షూ, వెనక గులాబీ రంగు కోట.

మీరేమేం ఎక్కారని ఒకావిణ్ని అడిగాను. “నేను యాడ ఎక్కేదమ్మా, పిల్లోడు నిద్రపోతా ఉంటే బండి కాడే కూచున్నా” అంది. ఇంకో ఇద్దరిదీ ఇంచుమించు ఇదే జవాబు. వాళ్లు వెళ్లింది 1983 తర్వాతి ఫాంటసీలాండ్‌కే. అభిమానులు హంగు అని విసుక్కునే ఆ కొత్త పల్లె తప్ప వాళ్లకు మరొకటి తెలియదు. పాతది పోయిందన్న బెంగలో వాళ్లకు వాటా లేదు. స్నోవైట్ బొమ్మ లోపల ఉందో లేదో కూడా వాళ్లకు తెలియదు. కథకు అవతల, తోపుడు బండి పక్కన, నిద్రపోతున్న పసివాడికి కాపలాగా కూర్చున్నారు. ఫోటో కోసం మాత్రం కోట ముందుకు పిలిచారు. ఆ ఫోటో వాళ్లకు ఇష్టమే, దాన్ని నేను చిన్నచూపు చూడలేను. పసివాడు అందులో మూడు నెలల వాడు, ఇప్పుడు వాడు తెలుగు మాట్లాడడు. వాళ్ల బెంగ దాని గురించి.

బెంగ పడడానికి కూడా ఆస్తి ఉండాలి. శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నది 1969లో, మొదటి రాకెట్ ఎగిరింది 1971 అక్టోబర్ 9న. ఆ మధ్యలో దీవి నుంచి కదిలి వచ్చిన కుటుంబాల్లో యానాదులున్నారు. వాళ్ల పాత ఇళ్ల ముందు నిలబడి ఎవరూ కలర్ స్లైడ్లు తీయలేదు. మారిపోయిన స్థలం గురించి దుఃఖించే హక్కు కెమెరా ఉన్నవాళ్లకే చరిత్రలో నమోదవుతోంది. పాత ఫోటోల మీద రాసేవాళ్లం ఈ మాట మరవకూడదు.

చివరిగా నిద్ర గురించి. స్నోవైట్ రైడును 2021లో మళ్లీ మార్చారు. ఈసారి మంత్రగత్తె పాలు తగ్గించి, స్నోవైట్‌ను చాలాచోట్ల చూపించి, రాకుమారుడి ముద్దుతో ఆమె మేలుకునే ఘట్టాన్ని చేర్చారు. నిద్రలో ఉన్న మనిషి అనుమతి లేకుండా పెట్టిన ముద్దును ఇంకా ప్రేమ అంటామా అని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వెలువడే ఎస్‌ఎఫ్‌గేట్ సమీక్షలో ప్రశ్నించారు. దాని మీద పెద్ద దుమారం రేగింది, పిల్లల కథకు ఇదేం పిచ్చి ప్రశ్న అని ఎగతాళి చేశారు.

ఆ ప్రశ్న మనకు కొత్తది కాదు. ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటలో ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోతుంది. లక్ష్మణుడు తిరిగొచ్చి పక్కన కూర్చుని లేపబోతే ఆమె అతన్ని గుర్తుపట్టదు. నువ్వెవరివి, పరాయి స్త్రీ గదిలోకి ఎలా వచ్చావని నిలదీస్తుంది. తన తండ్రికి తెలిస్తే ఏమవుతుందో హెచ్చరిస్తుంది. పరస్త్రీని ఆశించి చెడిపోయినవాళ్లను గుర్తుచేస్తుంది. అతను తానెవరో చెప్పుకుని, నమ్మించి, అప్పుడు దగ్గరికి రావలసి వస్తుంది. వెల్చేరు నారాయణరావు 1991లో వచ్చిన ‘మెనీ రామాయణాస్’ సంపుటిలో ఈ స్త్రీల పాటల మీద రాసిన వ్యాసం ఈ పత్రిక పాఠకులకు తెలిసినదే. ఇవి ప్రధానంగా అగ్రకుల స్త్రీల పాటలు, పాతివ్రత్యపు చట్రం దాటనివి. ఆ చట్రంలో ఉండి కూడా, మేలుకున్న స్త్రీ నోట మొదట ప్రశ్న రావాలని మధ్యాహ్నాలు పని ముగించుకుని పాడుకున్న ఆడవాళ్లకు తోచింది. పాడుతున్న ఒక్కొక్కతీ ఊర్మిళ చోట కూర్చుంది గనుకే ఆ ప్రశ్న పుట్టిందని నేను అనుకుంటాను. ఊర్మిళ ఎలా ఉంటుందని ఎవరూ వాళ్లకు చూపించలేదు. 1955 నాటి రైడు వదిలిన ఖాళీ సీటుకు జవాబు ఈ పాటలో ఉంది. కాకపోతే ఈ పాటలో సీటుతో పాటు గొంతు కూడా ఉంది.

కాబట్టి పాత ఫాంటసీలాండ్ తిరిగి రావాలని నేను కోరుకోను. దాని ఫోటోలు మాత్రం పోగుచేయాలి, వేరే అవసరానికి. మన వీధిలో షోకేసుల్లో ఉన్నవాటినీ కలిపి పోగుచేయాలి. ఎవరు ఎక్కారు, ఎవరు బండి దగ్గర కూర్చున్నారు, ఫోటో తీసింది ఎవరు, ఆ రోజు ఇంట్లో వంట ఎవరు చేసి బయల్దేరారు అని ఆ స్త్రీలనే అడిగి, వాళ్ల మాటల్లోనే ప్రతి ఫోటో వెనక రాయించాలి. మా వీధిలో నాలుగు ఫోటోలతో ఆ పని మొదలుపెట్టాను. రెండింటి వెనక రాయడం అయింది.