తొంభై తొమ్మిది శాతం వెనక ఏముంది?

ఆన్‌లైన్ అమ్మకాల సైటు ఈబేలో ఒక వస్తువు వేలానికి వచ్చిందంటే కొనేవాళ్ల చూపు ముందు ధర మీద, ఆ వెంటనే అమ్మేవాడి పేరు పక్కనున్న శాతం మీద పడుతుంది. 99 కనిపిస్తే చాలు, ఇక పాట మొదలుపెట్టేస్తారు. ఆ శాతాన్ని చూసి ఊరుకోకూడదు, దాని వెనక ఏముందో చదవాలి అంటాను నేను. అది గత పన్నెండు నెలల్లో వచ్చిన మెప్పులనూ ఫిర్యాదులనూ మాత్రమే లెక్కేస్తుంది. ‘న్యూట్రల్’ అని నొక్కినవాళ్లు అందులోకి రారు. అన్నిటికన్నా ముఖ్యం, ఏం అమ్మి ఆ మెప్పు సంపాదించాడో అది చెప్పదు. ఫోన్ కవర్లు వందల్లో అమ్మినవాడికీ, ఏళ్ల తరబడి పాత నాణేలే అమ్ముతున్నవాడికీ అదే 99.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు వెండి రూపాయినే తీసుకుందాం. విదేశాల్లో ఉన్న మనవాళ్లు నాణేలు సేకరిస్తుంటే దీనికోసం వెతకడం సహజమే. ఒకవైపు చార్మినార్, దాని ద్వారంలో ఉస్మాన్ పేరు మొదటి అక్షరం ‘ఐన్’. తూకం 11 గ్రాముల పైచిలుకు. రాగి మీద వెండి పూత పూసినదైతే అదే వ్యాసం, అదే మందంలో అంత బరువు తూగదు. అందుకే పాట పాడేముందు అమ్మేవాడికి మెసేజ్ పెట్టి, రెండు వైపులా అంచుతో సహా ఫోటోలు, త్రాసు మీద పెట్టి అంకెలు కనిపించేలా ఇంకొకటి అడగాలి. నాణేల వ్యాపారం చేసేవాడి దగ్గర త్రాసు ఉండకపోదు. సాకులు చెప్పాడంటే అదీ ఒక జవాబే. తర్వాత అతని ఫీడ్‌బ్యాక్‌లో నాణేలు కొన్నవాళ్ల మాటలు వెతకాలి. ఫిర్యాదులు ముందు చదవాలి, వాటికి అతను ఏమని బదులిచ్చాడో ఇంకా శ్రద్ధగా చదవాలి.

జనం ఇలా చదవరనడానికి ఆధారం ఉంది. పరిశోధకుడు పాల్ రెస్నిక్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఈబేలో పేరున్న ఒక పాత పోస్టుకార్డుల వ్యాపారి ఒకే రకం కార్డులను తన పేరు మీదా, కొత్తగా తెరిచిన ఖాతాల మీదా అమ్మాడు. పాత పేరుకు కొనుగోలుదారులు సగటున 8.1 శాతం ఎక్కువ ఇచ్చారు. కానీ కొత్త ఖాతాలకు ఒకటి రెండు చెడ్డ రేటింగులు పడ్డా, వాళ్లు ఇవ్వజూపిన ధర తగ్గలేదు. పేరుకు విలువ కట్టినవాళ్లు ఫిర్యాదును పట్టించుకోలేదన్నమాట. పైగా ఆ రోజుల్లో చెడుగా రాస్తే అమ్మేవాడూ తిరిగి చెడుగా రాస్తాడన్న భయం ఉండేది. 2008లో ఈబే అమ్మకందార్లకు ఆ అవకాశం తీసేయాల్సి వచ్చింది.

ఈబే ఇచ్చే డబ్బు వాపసు హామీ ఉండగా ఇంత తంటా ఎందుకని అడగవచ్చు. హామీ మంచిదే, కానీ అది వస్తువు రానప్పుడో, వర్ణనకు సరిపోనప్పుడో పనికొస్తుంది. ‘ఇంట్లో దొరికింది, అసలుదో కాదో నాకు తెలియదు’ అని రాసి అమ్మితే వర్ణన తప్పని నిరూపించడం కష్టం. అందుకే ‘ఇది వెండి నాణెమే’ అన్న మాట ముందే, ఆ సైటు మెసేజీల్లోనే రాయించుకోవాలి. తక్కువకు ఇస్తాను, డబ్బు నేరుగా పంపమంటే హామీ ఆ క్షణమే పోతుంది. గడువు కూడా సాధారణంగా 30 రోజులే కాబట్టి పార్సిల్ అందిన రోజే తూచి చూడాలి.

అందరూ ఇంత నిక్కచ్చిగా ఉంటే కొత్తగా అమ్మేవాళ్ల గతేమిటన్నది ఇంకా న్యాయమైన అభ్యంతరం. వాళ్లను దూరం పెట్టమని నేననను. వాళ్ల దగ్గర చిన్న ధరవే కొనాలి, పోయినా ఫరవాలేదనుకున్నంత వరకే పాట పెంచాలి, సరుకు సరిగా వస్తే ఏం కొన్నామో, తూకం ఎంతుందో ఫీడ్‌బ్యాక్‌లో విడమరిచి రాయాలి. తర్వాత కొనేవాడు చదువుకోవడానికి అదే ఆధారం.