ఏప్రిల్‌లో దరఖాస్తు, మేలో లెక్క

కొలరాడోలో జింకల వేటకు దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదటి మంగళవారంతో ముగుస్తుంది. ఆ ఏడు ఏ అడవిలో ఎన్ని ట్యాగులు, అంటే ఒక్కో జింకను వేటాడే అనుమతి పత్రాలు, ఇవ్వాలో రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ ఖరారు చేసేది మే నెలలో. ఈ మధ్య మాతో అడవికి రావడం మొదలుపెట్టిన కరీంనగర్ కుర్రాడికి ఈ సంగతి చెబితే, "ఎన్నున్నయో తెల్వకుండ ఏమని అడగాలె అన్నా?" అన్నాడు. చాలామంది వేటగాళ్లు విసుక్కునేదీ ఇక్కడే. నాకు మాత్రం ఈ క్రమమే సరైనదనిపిస్తుంది. దరఖాస్తుదారులకు ట్యాగులు పంచే ఈ డ్రా పద్ధతి మొత్తంలో నాకు బాగా నచ్చిన నియమం ఏదంటే ఇదే చెబుతాను.

ఎందుకంటే జింకల లెక్క చలికాలం గడిస్తే గానీ తేలదు. డిసెంబరులో, వేట సీజన్లన్నీ ముగిసి కొండల మీద మంచు పరుచుకున్నాక, హెలికాప్టర్లు తక్కువ ఎత్తులో తిరుగుతాయి. తెల్లటి నేల మీద మందలు విడివిడిగా కనబడతాయి. కొమ్ములు ఇంకా రాలని కాలం కాబట్టి పోతు ఏదో ఆడది ఏదో పోల్చుకోవచ్చు. నూరు ఆడజింకలకు పోతులెన్ని, పిల్లలెన్ని అని ఎంచుతారు. ఆ తర్వాత రేడియో కాలర్లు వేసిన జింకల్లో ఎన్ని వసంతం దాకా నిలిచాయో చూస్తారు. 2022-23 చలికాలం వాయవ్య కొలరాడోనూ, పక్కనున్న వ్యోమింగ్‌నూ తీవ్రంగా దెబ్బతీసింది. మంచు లోతుగా పడి పైన గట్టిపడిపోవడంతో సేజ్ పొదలు మేతకు అందలేదు. ఆ ఏటి పిల్లలు చాలావరకు చచ్చిపోయాయి. అక్కడి ట్యాగులను ప్రభుత్వం భారీగా కోసేసింది. గనిసన్ లోయలోనైతే 2007-08లో అంతటి చలికే ప్రభుత్వం మేత మోసుకెళ్లి జింకలకు పెట్టాల్సి వచ్చింది. ఇంత అనిశ్చితంగా ఉండే లెక్కను జనవరిలోనే ప్రకటించి, దాన్ని చూసి అడగమంటే, ఆ అంకె కాగితం మీద మాత్రమే ఉంటుంది.

ఊళ్లో మా మేనత్తకు నా వేట సంగతి తెలిసినప్పుడు, "జింకను కొడితే జైల్లో వేస్తారు కదరా!" అని కంగారుపడింది. మన దేశంలో ఆమె మాటే చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కృష్ణజింకను సరదాకు కొట్టే దారి మూసుకుపోయింది. మూసుకుపోవడం మంచిదే. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, ఆ చట్టం లేకపోతే ఈ రోజుకు ఎన్ని మిగిలేవో. అమెరికా అదే ప్రమాదంలోంచి మరో దారిన బయటపడింది. 19వ శతాబ్దంలో మాంసం, తోళ్ల వ్యాపారం కోసం జింకలను విచ్చలవిడిగా చంపారు. 1900 ప్రాంతానికి దేశం మొత్తం మీద తెల్లతోక జింకలు ఐదు లక్షల లోపుకు పడిపోయాయని అంచనా. ఆ ఏడాదే వచ్చిన లేసీ చట్టం, రాష్ట్ర చట్టాలను మీరి చంపిన జంతువుల రవాణాను నేరం చేసింది. రాష్ట్రాలు అంగడి వేటను ఆపి, సీజన్లు పెట్టి, లైసెన్సులు పెట్టి, ఆ డబ్బుతో జింకలను తిరిగి పెంచాయి. ఇప్పుడు ఆ తెల్లతోకలు సుమారు మూడు కోట్లు. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం రైఫిళ్లు, తూటాల మీద వసూలయ్యే 11 శాతం పన్ను సొమ్మును వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకు పంచుతుంది. వేట లైసెన్సుల డబ్బును వేరే పద్దులకు మళ్లించే రాష్ట్రానికి ఇందులో వాటా ఇవ్వరు. ఈ ఏర్పాటంతటికీ అడుగున ఉన్న నమ్మకం ఒక్కటే: జింక భూమి ఉన్నవాడిది కాదు, తుపాకీ ఉన్నవాడిదీ కాదు, ప్రజలందరిదీ. రాష్ట్రం ధర్మకర్త మాత్రమే.

అందరిదీ అయినది అందరికీ చాలనప్పుడు ఎవరికివ్వాలి? డ్రా పుట్టింది ఈ ప్రశ్నలోంచే.

ముందు అంకె ఎలా వస్తుందో చెబుతాను. ఒక యూనిట్‌లో, అంటే వేట కోసం గీసిన ఒక ప్రాంతంలో, ఈ ఏడు 150 పోతులను తీసినా మందకు నష్టం లేదనుకుందాం. అక్కడ రైఫిల్ వేటగాళ్లలో సగం మందికే జింక దక్కుతుందని పాత లెక్కలు చెబితే, 300 ట్యాగులు ఇవ్వొచ్చు. విల్లంబులవాళ్లకు అంతకంటే తక్కువ దక్కుతుంది కాబట్టి అవే జింకలకు ఇంకా ఎక్కువ మందిని పంపొచ్చు. అయితే మంద పెరగడమూ తగ్గడమూ పోతుల మీద ఆధారపడదు. ఒక పోతు చాలా ఆడజింకలతో జతకడుతుంది. మంద పరిమాణాన్ని నడిపేది ఆడజింకల ట్యాగులే. అందుకే తూర్పు రాష్ట్రాల్లో లాటరీ అంతా వాటి చుట్టూనే తిరుగుతుంది. మెయిన్ రాష్ట్రం 1986లో ఆడజింకలకు పర్మిట్ లాటరీ పెట్టింది. పెన్సిల్వేనియాలో ఆడజింక లైసెన్సు కోసం గులాబీ రంగు కవరులో దరఖాస్తు పెట్టి కౌంటీ ట్రెజరర్‌కు పోస్టు చేసేవాళ్లు. 2023లో ఆన్‌లైన్ వచ్చేదాకా అదే పద్ధతి. ఆ కవర్లు పోయినందుకు బాధపడే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పడమటి రాష్ట్రాల్లో అలా కాదు. ఇక్కడుండే మ్యూల్ డియర్ జాతి జింకలు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ, చాలాచోట్ల పోతుకూ డ్రా తప్పదు. కొలరాడో 1999 నుంచి జింక ట్యాగులన్నింటినీ పరిమితం చేసింది. దరఖాస్తులో రాసేది ఒక కోడ్. డి-ఎం-061-ఓ2-ఆర్ అని ఉంటే, డి అంటే జింక, ఎం అంటే మగది, 061 అంటే అన్‌కంపాగ్రే పీఠభూమి మీది ఒక యూనిట్, ఓ2 అంటే రెండో సీజన్, ఆర్ అంటే రైఫిల్. ఇలాంటివి వరసగా నాలుగు ఎంపికలు పెట్టుకోవచ్చు. మొదటి ఎంపిక రాకపోతే ఒక ప్రిఫరెన్స్ పాయింట్ జమ అవుతుంది. వచ్చే ఏడు పాయింట్లు ఎక్కువున్నవాళ్లకే ముందు ఇస్తారు. సమానంగా ఉన్నవాళ్ల మధ్యే కంప్యూటర్ అంకెలు వేస్తుంది. కాబట్టి అందరూ లాటరీ అనే ఈ డ్రా చాలావరకు లాటరీ కాదు, వరస.

ఈ వరసతోనే నాకు పేచీ. నవంబరులో పోతులు ఆడజింకల వెంట పడి జాగ్రత్త మరిచే రోజుల్లో నాలుగో రైఫిల్ సీజన్ ఉంటుంది. ఈగిల్ కౌంటీలోని యూనిట్ 44 వంటి చోట్ల ఆ సీజన్ ట్యాగ్ కోసం జనం దశాబ్దాల తరబడి పాయింట్లు కూడబెడతారు. ఏటా ఇరవై ట్యాగులిచ్చే చోట 400 మంది ఇరవై పాయింట్లతో నిలబడ్డారనుకోండి. ఈ ఏడు ఇరవై మంది వెళ్లిపోతారు, మిగిలిన 380 మంది ఇరవై ఒకటికి ఎక్కుతారు. కిందున్నవాళ్లు ఎంత ఎక్కినా గీత వాళ్లకంటే ముందే కదిలిపోతూ ఉంటుంది. దీన్నే ఇక్కడ పాయింట్ క్రీప్ అంటారు. గ్రీన్‌కార్డు కోసం ప్రయారిటీ డేటు పట్టుకుని కూర్చున్న మనవాళ్లకు దీన్ని నేను వివరించనక్కర్లేదు. క్యూలో ఉన్నామన్న ధైర్యం ఉంటుంది, క్యూ మాత్రం కదలదు. పన్నెండేళ్లకు వేట మొదలుపెట్టిన పిల్ల కూడా తన జీవితంలో ఆ ట్యాగ్ చూడకపోవచ్చు.

దీనికి రాష్ట్రాలు రకరకాల మందులు వేశాయి. ఒరెగాన్ 75 శాతం ట్యాగులు పాయింట్ల వరసలో ఇచ్చి, మిగిలిన 25 శాతం చీటీ వేస్తుంది. నెవాడాది మరో తీరు: పాయింట్లను వర్గం చేసి ఒకటి కలిపితే ఎంతొస్తుందో అన్ని లాటరీ అంకెలు ఇస్తుంది, ఎవరి అంకె తక్కువైతే వాళ్లది. పది పాయింట్లున్నవాడికి 101 అవకాశాలు, కొత్తవాడికి ఒక్కటి. ఆ ఒక్కటైనా ఉంది కదా! కొలరాడోలో కూడా పది పాయింట్లో అంతకు మించో కావాల్సిన చోట్ల, కనీసం ఐదు పాయింట్లున్నవాళ్లకు 20 శాతం దాకా ట్యాగులు చీటీలో ఇస్తారు. ఐదు లేనివాళ్లకు అదీ లేదు. న్యూ మెక్సికో, ఐడాహో అసలు పాయింట్లే పెట్టలేదు. ఏటా అందరూ సున్నా నుంచే మొదలు. నాకు నచ్చేది అదే. చలికాలం ప్రతి ఏడూ జింకల లెక్కను మొదటి నుంచి రాస్తున్నప్పుడు, వేటగాడి హక్కు మాత్రం పోగుపడుతూ పోవడం సరికాదు. పాయింటు జమైతే జింక కూడా జమైనట్టే అనిపిస్తుంది. కానీ ఆ జింక ఇంకా పుట్టనే లేదు.

పాయింట్లు ఎందుకు పోవంటే, ఇన్నేళ్లు నిలబడ్డవాళ్లకు అన్యాయం జరుగుతుందని. ఆ మాటలో న్యాయం ఉంది, కాదనను. అందుకే ఒక్క ఏడాదిలో రద్దు చేయమని అనను, చీటీలో వేసే వాటాను ఏటేటా పెంచుకుంటూ పొమ్మంటాను. దీనికి డబ్బు కూడా అడ్డమే. ఈ ఏడు వేటకు రాని పరరాష్ట్ర వేటగాడు కూడా పాయింటు కోసం ఏటా రుసుము కడతాడు, అది ఆదాయం.

పరరాష్ట్రం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. బయటివాళ్ల దగ్గర జింక లైసెన్సుకు కొలరాడో దాదాపు పది రెట్లు తీసుకుంటుంది. మోంటానాలో ఎల్క్ లైసెన్సుకు స్థానికులు తొమ్మిది డాలర్లు కడుతుంటే తమ దగ్గర 225 తీసుకుంటున్నారని కొందరు సుప్రీంకోర్టుకెక్కారు. 1978లో కోర్టు రాష్ట్రం పక్షానే నిలిచింది. సరదా వేట రాజ్యాంగం కాపాడాల్సిన ప్రాథమిక హక్కు కాదంది. న్యూ మెక్సికో ట్యాగుల్లో 84 శాతం స్థానికులకు, 10 శాతం గైడ్‌లతో వచ్చేవాళ్లకు, 6 శాతం సొంతంగా వచ్చే బయటివాళ్లకు. జింకలను ఏడాది పొడవునా భరించేది స్థానికులే, వాళ్లకు పెద్ద వాటా దక్కడం న్యాయమే. 160 ఎకరాలకు తగ్గకుండా ఉన్న రైతులకు కొలరాడో వోచర్లు ఇస్తుంది, వాటిని వాళ్లు అమ్ముకోవచ్చు. చలికాలమంతా వాళ్ల గడ్డివాముల మీద పడి మేసేది ఆ జింకలే కాబట్టి దాన్నీ తప్పుపట్టలేను. కృష్ణా తీరంలో నారాయణపేట వైపు కృష్ణజింకలు పంట మేసేస్తే చూస్తూ ఊరుకోవాల్సిన రైతుకు అలాంటి వోచరేదీ లేదు. నేను ఒప్పుకోలేనిది వేలం. ఉటాలోని ఆంటిలోప్ ఐలాండ్ మీద ఒక్క పోతు ట్యాగ్ లక్షల డాలర్లకు పోతుంది. ఆ సొమ్ము వన్యప్రాణుల కోసమే ఖర్చవుతుంది, నిజమే. అయినా ప్రజలందరిదీ అని ఒట్టేసుకున్నదాన్ని ఒక్కటైనా పాటకు పెట్టకూడదు.

ఇంతా చేసి చేతికొచ్చేది అరచేతిలో పట్టే కాగితం. తడిసినా చిరగని రకం. జింక పడగానే, కత్తి తీయకముందే, చేతులు వణుకుతున్నా సరే దాని మీద సంతకం చేసి, తేదీ వేసి, లైసెన్సు నుంచి విడదీయాలి. ముందే విడదీసి జేబులో పెట్టుకుంటే చెల్లదు. మగదో ఆడదో తెలిపే అవయవాన్ని కోసేయకుండా కళేబరానికే ఉంచాలి. తినదగ్గ మాంసం అడవిలో వదిలేయడం నేరం. కొన్ని యూనిట్లలో తలను పరీక్షకు అప్పగించాలి. 1967లో ఇక్కడి ఫోర్ట్ కాలిన్స్‌లోనే మొదట కనబడ్డ, జింకలను శుష్కింపజేసి చంపే రోగం ఎంత పాకిందో చూడడానికి. ఈ రోగం పోతుల్లో ఎక్కువ. అందుకని దాన్ని తగ్గించడానికి కొన్నిచోట్ల పోతు ట్యాగులు పెంచారు. వేటగాళ్లు ఏళ్ల తరబడి అడిగితే పెరగనివి రోగం వల్ల పెరిగాయి.

ఇక కరీంనగర్ తమ్ముడి దరఖాస్తు. 1949లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్లందరికీ తప్పనిసరైన హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేశాడు. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టడం ఫెడరల్ చట్టప్రకారం నిషిద్ధం, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. ఆ కాగితాలన్నీ లాయరుకు చూపించుకున్నాకే మా దగ్గరికి వచ్చాడు. మన పిల్లలెవరైనా ఈ దారిలోకి వస్తే మొదట చేయాల్సిన పని అదే. ఇద్దరం కలిసి గ్రూపుగా వేద్దామన్నాను. గ్రూపులో అందరికంటే తక్కువ పాయింట్లున్నవాడి లెక్కే అందరికీ వర్తిస్తుంది. కొన్ని రాష్ట్రాల్లో సగటు తీస్తారు, ఇక్కడ అదీ లేదు. "నాకు సున్నా గద అన్నా, మొదటిది వచ్చిందంటె నీయి మొత్తం పోతయి" అన్నాడు. పోనీ అన్నాను. పాత వేటగాడు సున్నాకు దిగితే గానీ కొత్తవాడి పక్కన నడవలేని ఏర్పాటిది. దిగడానికి నాకేం బాధ లేదు.

మొదటి ఎంపికగా సున్నా పాయింట్లకు దొరికే రెండో సీజన్ కోడ్ ఒకటి చూసుకున్నాం. రెండోదిగా ఆడజింక రాయించాను. రెండో ఎంపిక వస్తే పాయింట్లు ఖర్చుకావు, పైగా కొత్త చేతికి అదే తగిన వేట: కొమ్ముల ఆత్రం ఉండదు, దగ్గరికి వెళ్లడం నేర్చుకోవచ్చు, మాంసం లేతగా ఉంటుంది. వాడు కాసేపు కొమ్ముల గురించే మాట్లాడి చివరికి సరేనన్నాడు. అదీ రాకపోతే సెకండరీ డ్రా, ఆ తర్వాత ఆగస్టులో మిగిలినవాటి అమ్మకం. అక్కడ దొరికేవి చాలావరకు ఆడజింకల ట్యాగులే, అడిగేవాళ్లు తక్కువ. మంద ఎంత ఉండాలో తేల్చేది మాత్రం అవే.