బోల్టు మీద బరువు పడని బిగింపు

పావగడ తాలూకా వేరుశనగ రైతుకు గుంటక కొత్త కాదు. అంచు మొద్దుబారితే ఇనుప బద్దనొక్కదాన్నే విప్పి కొలిమికి తెస్తాడు, గుంటకను మోసుకురాడు. అలాంటి బద్దల్ని సాగగొట్టడానికి షెడ్డులోనే జాకీతో కట్టుకునే ఫోర్జింగ్ ప్రెస్సులో నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపే భాగం, ఇనుమును నొక్కే డైలను మార్చుకునే హోల్డరు.

మార్చడమెందుకంటే, చిన్న ప్రెస్సుకు ఒక్క డై చాలదు. 25 టన్నుల ప్రెస్సు 40 మి.మీ. వెడల్పున్న పట్టీని 100 మి.మీ. పొడవున చదును డైతో నొక్కితే చదరపు మి.మీ.కు సుమారు 6 కిలోలే పడతాయి. బాగా కాలిన ఇనుము కూడా అంతమాత్రానికి లొంగడం కష్టం. గుండ్రటి అంచున్న సన్న డై 15 మి.మీ. మేర తాకితే అదే బలం చదరపు మి.మీ.కు 40 కిలోలు దాటుతుంది, ఇనుము సాగుతుంది. అయితే ఆ డై గాళ్లు మిగులుస్తుంది. వాటిని అణచడానికి మళ్లీ చదును డై కావాలి.

పెద్ద కార్ఖానా సుత్తుల్లో డైని డవ్‌టెయిల్ కోతలో దింపి చీల కొట్టి బిగిస్తారు. ఆ కోతకు మిల్లింగ్ మిషను ఉండాలి. వెల్డింగ్ సెట్టు, గ్రైండరు మాత్రమే ఉన్నచోట మంచి పనివాడు డైని మందపాటి పలకకు అతికి, ఆ పలక సొరుగులా జారేలా రెండు పక్కలా పెదవులున్న పట్టాలు వేస్తాడు. ముందు ఒక చీల. నొక్కే బలమంతా పలక నుంచి పలకకు నేరుగా దిగుతుంది. పై డై బరువును పట్టాల పెదవులు మోస్తాయి, చీల అది జారకుండా ఆపుతుంది, అంతే. బోల్టు మీద టన్నులు పడేలా కట్టినవాడు బలం దారి చూసుకోలేదన్నమాట.

ఇక్కడ అసలు నైపుణ్యం సందుల్లో ఉంది. 100 మి.మీ. ఉక్కు 200 డిగ్రీలు వేడెక్కితే పావు మి.మీ. దాకా పెరుగుతుంది. అందుకే పట్టాలు అతికేటప్పుడు పక్కన అర మి.మీ. రేకు పెట్టి తరవాత లాగేస్తారు. పట్టా లోపలి మూలలో వెల్డింగ్ ఉబ్బితే పలక దాని మీద కూర్చుని కింద బోలుగా ఉంటుంది, కాబట్టి పలక అడుగు అంచుల్ని ఏటవాలుగా గ్రైండ్ చేస్తారు. కింది హోల్డరు రెండు కొసలూ తెరిచే ఉండాలి, రాలిన పెచ్చుల్ని కొత్త పలకే బయటికి తోసేస్తుంది.

నేను బాగా మెచ్చే ఉపాయం మరొకటుంది. కింది హోల్డరు ముందు అతికి, రెండు డైలనూ ముఖాముఖీ ఆనించి, ప్రెస్సు మూసి, అప్పుడు పై పట్టాలు అతుకుతారు. వరస దానంతటదే కుదురుతుంది, కొలత టేపు అక్కర్లేదు.

వేడి డైని చేత్తో పట్టలేం గనక పలక ముందు అంచున కడ్డీ దూరేంత రంధ్రం వేస్తారు. 12 మి.మీ. చాలు, మరీ సన్నదైతే పెచ్చులు చేరి మూసుకుపోతుంది.