'పాగానుస్' - బయటివాడి పేరు

రోమన్ సామ్రాజ్యపు చివరి శతాబ్దాల గురించి రాసేవారు 'పాగానుస్' అనే లాటిన్ మాటను దాటి పోలేరు. క్రైస్తవులూ యూదులూ కానివారందరికీ క్రైస్తవులు పెట్టిన పేరిది. అలాన్ కామెరన్ 2011లో ప్రచురించిన 'ది లాస్ట్ పేగన్స్ ఆఫ్ రోమ్' ఈ మాట చర్చతోనే మొదలవుతుంది.

'పాగుస్' అంటే పల్లెసీమ. కొత్త మతం ముందుగా పట్టణాల్లో పాకింది కనుక పాతదాన్ని పట్టుకున్నవాడు పల్లెటూరివాడయ్యాడని ఒక వివరణ. 417 ప్రాంతంలో ఒరోసియుస్ చెప్పింది ఇదే. సైనికుల వాడుకలో ఈ మాటకు 'సైనికుడు కానివాడు' అనే అర్థం ఉంది. కాబట్టి క్రీస్తు సేనలో చేరనివాడని మరో వివరణ. కామెరన్ రెండింటినీ కాదని, 'మనలో చేరనివాడు' అన్నదే అసలు అర్థమనీ, మొదట్లో అది తిట్టు కాదనీ అంటారు. రోమ్ నగరపు సెనేటర్లకు కూడా ఈ పేరే వర్తించింది కనుక ఈ వాదం సమంజసంగానే ఉంది.

అయితే వ్యుత్పత్తి తేలినంత మాత్రాన ప్రయోగార్థం తేలదు. గ్రీకు ప్రాంతంలో వీరినే 'హెల్లెనులు' అన్నారు. ఆ పేరు వెనక హోమరు, ప్లేటో ఉన్నారు. అందుకే 361-363 మధ్య పాలించిన జూలియన్ చక్రవర్తి దాన్ని సగర్వంగా ధరించి, ఎదుటివారిని 'గలిలయులు' అంటూ ఒక మారుమూల సీమవారిగా కుదించాడు. పాగానుస్‌కు అలాంటి ప్రతిష్ఠ లేదు. 415-16 నాటి చక్రవర్తి శాసనం పాగాన్ ఆచారం పాటించేవారిని కొలువులో చేర్చుకోరాదంది, న్యాయాధికార పదవులు ఇవ్వరాదంది. మాట పుట్టుకలో తిట్టు కాకపోయినా, శాసనంలోకెక్కాక ఉద్యోగం ఊడగొట్టగలదు. మూలార్థం మీద కామెరన్ పెట్టిన బరువు ఈ పరిణామం మీద కూడా పడవలసింది.

తమలో తాము 'సోదరులు', 'పరిశుద్ధులు', 'విశ్వాసులు' అని పిలుచుకున్నవారికి 'క్రైస్తవులు' అన్న పేరు కూడా బహుశా బయటివారు పెట్టిందే. అపొస్తలుల కార్యములు ఆ పేరు అంతియొకయలో మొదలైందని చెబుతుంది. పేరు పడ్డవారే అధికారం అందాక పేర్లు పెట్టేవారయ్యారు.

తెలుగులో దీని ప్రభావం అనువాదం మీద ఉంది. మన బైబిలు 'జాతులు' అనే అర్థమున్న గ్రీకు 'ఎత్నె'ను 'అన్యజనులు' చేసింది. చరిత్ర గ్రంథంలో పాగానుస్‌ను 'విగ్రహారాధకుడు' అంటే అది ఆరోపణ, 'అనాగరికుడు' అంటే ఒరోసియుస్ ఎత్తిపొడుపు. 'క్రైస్తవుల దృష్టిలో బయటివాడు' అనడమే న్యాయం. అందులో పిలిచినవాడు కూడా కనిపిస్తాడు.