మగ్గం, లంద, మడి: మాల, మాదిగ సామాజికార్థిక స్థితిగతులు – సాహిత్య సాక్ష్యం

వ్యాససంగ్రహం:

షెడ్యూల్డ్ కులాల వర్గీకరణ చర్చలో మాల, మాదిగ సమూహాల స్థితిగతులను పోల్చడానికి జనాభా లెక్కలతో పాటు సాహిత్యాన్ని కూడా సాక్ష్యంగా చూపడం జరుగుతున్నది. ఈ సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అన్న ప్రశ్నను మాలపల్లి, గబ్బిలం, అంటరాని వసంతం మొదలైన రచనల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాత్ర ఏ కులానికి చెందినదన్న దానికంటే దాని చేతిలోని పనిముట్టు ఏది, ఆ పనికి ముట్టిన కూలి ఏ రూపంలో ఉన్నది అన్న అంశాలే పోలికకు నమ్మదగిన ఆధారాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మాల, మాదిగ, వర్గీకరణ, కులవృత్తి, మేర, మాలపల్లి, గబ్బిలం, దండోరా, జాంబపురాణం.

1. ఉపోద్ఘాతం:

పుట్టుకను బట్టి ఏర్పడిన రెండు సమూహాల జీవన స్థితిగతులను పోల్చడం తేలికైన పని కాదు. ఊరి వైపు నుంచి చూసేవారికి మాలవాడ, మాదిగవాడ రెండూ వెలివాడలే. వెలివాడలోపల నిలబడి చూసేవారికి మాత్రం రెండింటి మధ్య బావి వేరు, శ్మశానం వేరు, పెండ్లి సంబంధం వేరు. తెలుగు సాహిత్య విమర్శ చాలాకాలం మొదటి చూపునే స్వీకరించింది. 'పంచముడు', 'హరిజనుడు', 'దళితుడు' అనే మాటలు కాలక్రమంలో ఒకదాని స్థానంలో ఒకటి వచ్చినా, అవన్నీ ఆ రెండు వాడలను ఒకే పేరుతో పిలిచినవే.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం ఈ ఏకనామాన్ని ప్రశ్నించింది. 1996లో ఏర్పడిన జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ నివేదిక ఆధారంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 15 శాతం రిజర్వేషన్‌ను రెల్లి తదితర కులాలకు 1, మాదిగ, దాని అనుబంధ కులాలకు 7, మాల, దాని అనుబంధ కులాలకు 6, ఆది ఆంధ్ర తదితరులకు 1 శాతంగా విభజించింది. ఇందుకోసం చేసిన 2000 నాటి చట్టాన్ని 2004 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చి, ఉపవర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని ప్రకటించింది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ మూడేసి సమూహాలతో వర్గీకరణను తిరిగి అమలులోకి తెచ్చాయి.

ఈ మూడు దశాబ్దాల వాదప్రతివాదాలలో సాహిత్యం సైతం వేదిక ఎక్కింది. తెలుగు నవలలో మాల కథానాయకుడే ముందు వచ్చాడు కనుక మాలలు ముందున్నారని ఒక వాదం. ఆ నవలలోని మాల కుటుంబం పడిన బాధలే అందుకు ఖండన అని మరొక వాదం. రెండు వాదాలూ నవలను జనాభా లెక్కల పుస్తకంగా చదువుతున్నాయి. ఆ పద్ధతిలోని లోపాన్ని గుర్తించడమే ఈ పరిశీలనకు ప్రారంభం.

2. మాలపల్లి – కూలి రూపం:

ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో రచించిన మాలపల్లి 1922లో వెలువడి, మద్రాసు ప్రభుత్వ నిషేధానికి గురైంది. రామదాసు కుటుంబం కొద్దిపాటి భూమితో సేద్యం చేసుకొనే మాల కుటుంబం. కుమారుడు సంగదాసు భూస్వామి చౌదరయ్య చేతిలో మరణిస్తాడు. ఆ మరణానికి పూర్వరంగం కూలి తగాదా. ధాన్యం ధర పెరిగిన కాలంలో కూలిని ధాన్యంగా కాక డబ్బుగా ఇవ్వాలన్నది భూస్వామి ఎత్తుగడ. ధర పెరుగుదల వల్ల కలిగే లాభం కూలివాని గాదెకు చేరకుండా ఆపడమే ఇందులోని ఆర్థిక సూత్రం.

నవలలో సాక్ష్యంగా నిలిచే అంశం ఇదే. కథలోని తగాదా పొలం పని చుట్టూ, కొలిచి ఇచ్చే కూలి చుట్టూ తిరుగుతుంది. దౌలేశ్వరం, బెజవాడ ఆనకట్టల తరువాత మారిన డెల్టా సేద్యంలో పొలం కూలి ఒక పెద్ద శక్తిగా రూపుదిద్దుకున్న స్థితి ఈ కథకు నేపథ్యం. మాలల పాత వృత్తులలో ముతక బట్ట నేయడం ఒకటి. మిల్లు బట్ట వచ్చిన తరువాత ఆ మగ్గం మూలపడింది. రామదాసు కుటుంబాన్ని పోగొట్టేది మగ్గం కాదు, భూమి. అంటే నవల మొదలయ్యేనాటికే కులవృత్తి వెనుకబడి, సేద్యం ముందుకు వచ్చింది.

దీనినిబట్టి మాలలు సుఖంగా ఉన్నారని నిర్ధారించడం తప్పు. నవల చూపేది భూమి పోవడం, కొడుకులు పోవడం, కుటుంబం చెదిరిపోవడం. అయితే ఈ పతనానికి ఒక ప్రత్యేక లక్షణం ఉన్నది. ఇది రైతుగా, కూలిగా పొందిన పతనం. వాడ మొత్తాన్ని 'మాలపల్లి' అన్న ఒక్క పేరుతో సూచించిన శీర్షిక, మరొక వృత్తితో ముడిపడిన మరొక వాడ పతనాన్ని తన పరిధిలోకి తెచ్చుకోలేదు. దీనిని రచయిత దోషమనడం కంటే, పంచమ సమస్యను ఒకటిగా చూసిన సంస్కరణ యుగపు పరిమితి అనడం సమంజసం.

3. గబ్బిలం – చెప్పు, పైరు:

జాషువ గబ్బిలం 1941లో వెలువడింది. కావ్యనాయకుడు అరుంధతీ సంతతివాడు. ఆ పేరుతోనే కవి అతని కులాన్ని ధ్వనింపజేశాడు. అతడు దేశవీరుని పాదం కందకుండా చెప్పులు కుట్టి బతికేవాడని, ఆ సేవకు దేశమే రుణపడి ఉన్నదని కవి భావించాడు. అతని రెక్కల కష్టం లేనినాడు పైరు కూడా పండడానికి వెనుకాడుతుందని మరొక పద్యంలో భావించాడు.

ఈ రెండు భావాలను కలిపి చదవడం అవసరం. మాదిగ శ్రమకు రెండు ముఖాలున్నాయి. ఒకటి తోలు పని, రెండవది పొలం పని. సేద్యానికి కావలసిన మోట బొక్కెన, ఎడ్ల పట్టెడలు, వార్లు, రైతు కాలి చెప్పులు అన్నీ లందలో నానిన తోలునుంచి రావలసినవే. అందుకు ప్రతిఫలం కల్లంలో కొలిచే మేర. పొలం కూలికి రోజు లెక్క ఉంటుంది. మేరకు రోజు లెక్క లేదు, తగాదా పెట్టే తావు కూడా తక్కువ. చచ్చిన పశువును మోసుకుపోవడం నుంచి చావు డప్పు వరకు ఎన్నో పనులు ఆ మేరలోనే కలిసిపోతాయి. సంగదాసు కూలి రూపం గురించి వాదానికి దిగగలిగాడు. ఆరె, రంపె పట్టిన మనిషికి అటువంటి వాదం ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియని స్థితి. గబ్బిలం నాయకుడు తన మొరను భూస్వామికి చెప్పుకోడు. గబ్బిలం ద్వారా ఈశ్వరునికి పంపుతాడు. ఈ కావ్యకల్పనను మేఘసందేశానికి ప్రతిరూపంగా చూడడం పరిపాటి. బేరానికి తావులేని శ్రమసంబంధానికి తగిన రూపంగా కూడా దీనిని గ్రహించవచ్చు.

4. వృత్తి క్షయంలో కాలభేదం:

పై రెండు రచనలను పక్కపక్కన ఉంచినపుడు ఒక ప్రతిపాదన చేయడానికి వీలు కలుగుతుంది. మాలల నేత పని యంత్రపు పోటీకి ముందుగా లొంగింది. మాదిగల తోలు పని అంతకంటె ఎక్కువ కాలం గ్రామ సేద్యానికి అవసరంగా మిగిలింది. మోట స్థానంలో విద్యుత్ మోటారు, కుట్టిన చెప్పు స్థానంలో రబ్బరు చెప్పు, ఫ్యాక్టరీ చెప్పు వచ్చేవరకు గ్రామం ఆ చేతులను వదలలేదు. ముందుగా వృత్తి పోయినవారు ముందుగా కొత్త పనులు వెతుక్కోవలసి వచ్చింది. వృత్తి ఆలస్యంగా పోయినవారు ఊరికి ఎక్కువకాలం కట్టుబడి ఉండవలసి వచ్చింది. రెండు సమూహాల మధ్య కనిపించే అంతరంలో ఈ కాలభేదానికి కొంత పాత్ర ఉండవచ్చు. ఇది సామర్థ్యానికి సంబంధించిన భేదం కాదు.

అయితే ఈ ప్రతిపాదనను అన్ని ప్రాంతాలకు ఒకే కొలతగా వాడడం కుదరదు. ఒంగోలు ప్రాంతమే అందుకు ఉదాహరణ. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1876–78 కరవు కాలంలో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని మాదిగలకు పని కల్పించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలే. ఇక్కడ మాదిగలకు బడి తలుపు ముందుగానే తెరుచుకున్నది. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులను షెడ్యూల్డ్ కులాల పరిధిలోకి తీసుకోలేదు. మతాంతరం నమోదైన కుటుంబాలు వెనుకబడిన తరగతులలోని 'సి' సమూహానికి చేరాయి. మాల క్రైస్తవులకూ ఇదే వర్తిస్తుంది. అందువల్ల ముందుగా చదువుకున్నవారిలో కొందరు పోలిక పట్టికలోనుంచే తప్పుకున్నారు. గణాంకాల ఆధారంగా రెండు సమూహాలను తూచేవారు ఈ సంగతిని విస్మరించరాదు.

5. దండోరా తరువాతి రచనలు:

జి.కళ్యాణరావు అంటరాని వసంతం (2000) ఆ కరవు కాలాన్నే మాల కుటుంబపు జ్ఞాపకంగా చెబుతుంది. ఎల్లన్న పాట, సుభద్ర నీటి కోసం చేసిన తెగువ, శివయ్య, శశిరేఖల కాలువ ప్రయాణం రూతు స్మృతిలోంచి వెలువడతాయి. ఆకలి అందరిదీ అయినచోట కూడా అంటు అందరినీ కలవనివ్వలేదని కాలువ ఘట్టం నిరూపిస్తుంది. ఈ నవల వెలివాడల గతాన్ని ఉమ్మడి గతంగా నిలబెట్టింది. దాని బలం, పరిమితి రెండూ ఈ ఉమ్మడితనంలోనే ఉన్నాయి.

ఇదే కాలంలో మాదిగ అస్తిత్వాన్ని శీర్షికలోనే ప్రకటించిన రచనలు వెలువడ్డాయి. నాగప్పగారి సుందర్రాజు మాదిగోడు (1997) కథలు, ఎండ్లూరి సుధాకర్ కొత్త గబ్బిలం (1998), వేముల ఎల్లయ్య కక్క (2000) వీటిలో ముఖ్యమైనవి. కర్నూలు సీమ పలుకుబడిలో సుందర్రాజు, నల్లగొండ పలుకుబడిలో ఎల్లయ్య తోలు, డప్పు, జీతం, ఆకలి అనే వస్తువులకు వాటి సొంత పేర్లు తిరిగి ఇచ్చారు. శిష్టభాషలో 'చర్మకారుడు' అన్న ఒక్క మాటలో ముగిసే జీవితం ఈ రచనలలో పదుల పనిముట్లుగా, పదుల పనులుగా విడివడింది. బసివి ఆచారాన్ని వస్తువుగా తీసుకున్న సుందర్రాజు కథ, ఈ దారిద్ర్యపు భారం స్త్రీ శరీరంపై ఎలా పడిందో చూపుతుంది. మాల, మాదిగ పోలికలలో సాధారణంగా లెక్కకు రాని అంశమిది.

ఈ రచనలను మాలలపై అభియోగపత్రాలుగా చదివినవారున్నారు. ఆ పఠనం సంకుచితమైనది. వాటి ప్రధాన సంఘర్షణ ఊరితోనే. వాడల మధ్య భేదాన్ని పేర్కొనడం ఊరి బాధ్యతను తగ్గించదు. ఆ భేదాన్ని సృష్టించి నిలిపిన శ్రమవిభజన ఊరిదే.

6. పోలికలో కనిపించనివారు:

ఇద్దరిని పోల్చినపుడు మూడవవారు మరుగున పడడం సహజం. ఉమ్మడి రాష్ట్రపు షెడ్యూల్డ్ కులాల జాబితాలో 59 కులాలున్నాయి. మాదిగలపై ఆధారపడి, వారికి జాంబపురాణం చెప్పి బతికే డక్కలివారు వాటిలో ఉన్నారు. భూమి పుట్టకముందే పుట్టినవాడు జాంబవంతుడని చెబుతూ మాదిగల ఆదిమత్వాన్ని నిలబెట్టిన కథ ఈ ఆశ్రిత కులం నాలుకమీదనే నిలిచింది. ఆ కథ చెప్పినవారిని మాత్రం కథ విన్న ఇంటివారు దూరంగానే కూర్చోబెట్టారు. ఊరు మాదిగకు కొలిచిన మేరలోంచి డక్కలికి దక్కేది ఇంకొక చిన్న పాలు. మాలలకు కూడా ఇటువంటి ఆశ్రిత కులాలున్నాయి.

మాల, మాదిగ భేదాన్ని గుర్తించాలన్న న్యాయం ఈ మెట్టువద్ద ఆగరాదు. మాలపల్లి శీర్షికను ప్రశ్నించిన విమర్శ, డక్కలి, చిందు, రెల్లి జీవితాలు తెలుగు నవలలో ఎక్కడున్నాయని కూడా అడగవలసి ఉన్నది. వర్గీకరణలో వారికి కేటాయించిన వాటా పరిపాలనాపరమైన సమాధానం. సాహిత్యపరమైన సమాధానం ఇంకా రావలసి ఉన్నది.

7. ముగింపు:

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు:

– నవల, కావ్యం ఒక సమూహపు సగటు స్థితిని చెప్పలేవు. ఒక శ్రమసంబంధం పనిచేసే తీరును మాత్రం లెక్కలకంటే స్పష్టంగా చూపగలవు.

– మాలపల్లి కూలి చుట్టూ, గబ్బిలం సేవ చుట్టూ అల్లుకున్నాయి. ఒకదానిలో బేరానికి తావున్నది, రెండవదానిలో మొరకే తావున్నది. రెండు వాడల ఆర్థిక భేదానికి సాహిత్యం ఇచ్చే బలమైన సాక్ష్యం ఇదే.

– వృత్తి క్షయంలోని కాలభేదం, ప్రాంతభేదం, మతాంతరం వల్ల మారిన నమోదు – ఈ మూడింటిని విడిచి చేసే పోలిక అసమగ్రం.

– రెండు సమూహాల పోలిక, వాటికింద ఉన్న ఆశ్రిత కులాలను లెక్కలోకి తీసుకున్నపుడే న్యాయమవుతుంది.

మగ్గం, లంద, మడి మూడూ ఒకే ఊరికి చాకిరి చేసినవే. వాటి ఫలితం కొలిచిన కుంచం మాత్రం అందరికీ ఒకటి కాదు. ఆ కొలతలోని తేడాను మరచిపోయి చెప్పే ఐక్యత నిలవదు. కొలిచిన చేతిని మరచి, ఎదుటి వాడనే తప్పుపట్టే పోలికకు కూడా తెలుగు సాహిత్యంలో ఆధారం లభించదు.