వన్స్‌మోర్ పడిన చోట

పాత రికార్డుల గుట్ట ముందు కూర్చున్నప్పుడు నా చేతులు రెండు రకాలుగా పనిచేస్తాయి. 78 ప్లేటు తగిలిందంటే రెండు చేతులూ దాని అడుగుకు పోతాయి, పసిబిడ్డ మెడ కింద చెయ్యి పెట్టినట్టు. ఎల్పీ అయితే కవరులోంచి లాగి వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తాను. మొదటిది పగులుతుందేమోనన్న భయం, రెండోది మోసం చేస్తుందేమోనన్న భయం. ఇరవయ్యేళ్ళుగా పాత రికార్డులు కొంటున్నా ఈ రెండు భయాలూ ఒకటి కాలేదు. కొనడంలోని సుఖం కూడా రెండింటిలో ఒకటి కాదు. ఈ తేడా తేల్చుకోవడానికి ఒకే గొంతు పలికిన రెండు రికార్డులను పక్కపక్కన పెడుతున్నాను. ఒకటి ఘంటసాల ‘పుష్పవిలాపం’ 78 ప్లేటు, రెండోది ఘంటసాల ‘భగవద్గీత’ ఎల్పీ.

మొదటిది కరుణశ్రీ ‘ఉదయశ్రీ’లోని ఖండిక. గాయకుడు ఉరకలేస్తున్న రోజుల నాటి గొంతు. ప్లేటుకు రెండు వైపులా సగం సగం ఉంటుంది. రెండోది ఆయన ఒంట్లో బాగుండని చివరి రోజుల్లో పాడినది. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశాక హెచ్.ఎం.వి. విడుదల చేసింది. ఈ రెండింటి మధ్య ఒక మనిషి పాటజీవితం ఉంది. పాటను మోసే వస్తువే మారిపోయిన కాలమూ ఉంది.

వస్తువు దగ్గరే మొదలుపెడతాను. 78 ప్లేటు లక్క. లక్కపురుగు కొమ్మ మీద కట్టిన జిగురును శుద్ధిచేసి, అందులో రాతిపొడి కలిపి అచ్చు పోసినది. ఏటికొప్పాక బొమ్మ మీది మెరుపు అదే, లాడ్‌బజారు గాజులో ఉన్నదీ అదే, వారణావతంలో పాండవుల కోసం కట్టిన ఇల్లూ అదే. ఎల్పీ వినైలు, అంటే ప్లాస్టిక్కు. ఈ తేడా తెలియని చేతుల్లో ఎన్ని ప్లేట్లు పోయాయో చెప్పలేను. ఒకసారి ఒక దుకాణంలో నేను ఎంచుకున్న 78 ప్లేటును, శుభ్రంగా కనిపించాలని, యజమాని నా కళ్ళముందే స్పిరిట్టు ముంచిన గుడ్డతో తుడిచాడు. వడ్రంగి తలుపుకు మెరుగు పెట్టేటప్పుడు లక్కను కరిగించుకునేది స్పిరిట్టులోనే. గుడ్డకు నల్లగా అంటింది మురికి కాదు, పాట. ఆ మధ్యాహ్నం ఇంకేమీ కొనబుద్ధి కాలేదు. ఎల్పీ మాత్రం నీళ్ళు కలిపిన స్పిరిట్టును తట్టుకుంటుంది. రెండింటికీ పనికొచ్చేది పెట్రోలు బంకులో దొరికే బ్యాటరీ నీళ్ళు, ఒక చుక్క సబ్బు, మెత్తటి గుడ్డ. లేబులు తడవకుండా చూసుకుంటే చాలు.

లక్క ప్లేటు చేయి జారితే ముక్కలే. ఎల్పీ జారినా బతుకుతుంది, కానీ ఎండకు ఓర్చుకోలేదు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఎల్పీ పగలదు, వంగుతుంది. బీరువా మీద పడుకోబెట్టి రెండు వేసవులు మరిచిపోతే అప్పడంలా అంచు లేస్తుంది. ఆ అంచు మీద ముల్లు ఎక్కి దిగుతుంటే గొంతు కూడా ఊగుతుంది.

ఇక అరుగుదల. ఇక్కడే నాకు రెండింటి స్వభావం స్పష్టంగా తెలిసింది. కీ ఇచ్చే గ్రామఫోనులో సౌండుబాక్సు బరువు ముల్లు మీద వంద గ్రాములకు పైనే పడుతుంది. ఈనాటి ప్లేయరులో ఆ బరువు రెండు గ్రాములకు అటూ ఇటూ. ఉక్కు ముల్లును వైపు వైపుకూ మార్చాలి, రేకు డబ్బీలో రెండు వందల ముళ్ళు వచ్చేవి. మార్చారా? మా వైపు ఇళ్ళల్లో డబ్బీ అయిపోతే పట్నం పోవాలి. అందుకని ఒకే ముల్లుతో పది ప్లేట్లు వేసేవాళ్ళు. ఆ పొదుపంతా ప్లేటు మీద కనబడుతుంది. కొత్త 78 తారులా నిగనిగలాడుతుంది, అరిగినది బూడిద రంగుకు తిరుగుతుంది. దుకాణంలో వినే వీలు లేకపోయినా, వెలుతురుంటే చాలు, ఆ ప్లేటు ఎంత పాడిందో కంటితోనే చెప్పొచ్చు. 78 అబద్ధం చెప్పదు.

ఎల్పీ చెబుతుంది. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ తెచ్చిన ఈ సన్నగాడి రికార్డులో గాడి ఎంత సన్ననిదంటే, అది ఎంత అరిగినా పైన నిగనిగ తగ్గదు. పెద్ద గీతలైతే కనబడతాయి. మొద్దుబారిన ముల్లుతో నెలల తరబడి దున్నిన గాడి మాత్రం కంటికి అందదు. “కొత్తదాని లెక్కే ఉంది సార్, చూడండి” అని అమ్మేవాడు అన్నప్పుడు అతను అబద్ధమాడటం లేదు, అతనికీ కనిపించదు. ఇంటికొచ్చి వేశాక, గొంతు పై షడ్జం అందుకునే చోట చీలి గరగరమంటుంది. అప్పటికి డబ్బు చేయి మారిపోయింది. అనుభవం మీద నేర్చుకున్న ఒక్క గుర్తు ఉంది. లేబులు మధ్య కన్నం చుట్టూ చూడాలి. వేసిన ప్రతిసారీ ఇరుసు కోసం తడుముకున్న చేతి గీరలు అక్కడ మిగులుతాయి. గీరలు ఎక్కువుంటే ఎంత మెరుస్తున్నా నమ్మను.

మన మాటల్లో ఒక పొరపాటు ఉంది, ఇక్కడే చెప్పాలి. చెప్పిందే చెప్పేవాణ్ణి ‘అరిగిపోయిన రికార్డు’ అంటాం. అరిగిన రికార్డు చెప్పిందే చెప్పదు. బుసకొడుతుంది, మసకబారుతుంది, అయినా పాట చివరిదాకా నడుస్తుంది. ఒకే చోట తిరిగేది గీతపడిన రికార్డు. అక్కడ ముల్లు పక్క గాడిలోకి దాటలేక వెనక్కి పడుతుంది. ఒకటి ప్రేమతో పదేపదే విన్నందువల్ల వచ్చింది, మరొకటి అజాగ్రత్త వల్ల. కొనేవాడికి ఈ రెండూ వేర్వేరు. గీతను చూసి విసుక్కుంటాను. అరుగుదలను చూసి చాలాసేపు ఆగుతాను.

ఆగడానికి కారణం నాటకం. పద్యనాటకంలో జనం ‘వన్స్‌మోర్’ అని అరిస్తే నటుడు పద్యం మళ్ళీ అందుకునేవాడు. కపిలవాయి రామనాథశాస్త్రి, సి.ఎస్.ఆర్., రఘురామయ్య పద్యాలు ప్లేట్ల మీదికి ఎక్కాక ఆ కేక ఇంట్లోకి వచ్చింది. ముల్లు ఎత్తి మళ్ళీ మొదట పెట్టడమే వన్స్‌మోర్. 78 ప్లేటు మీది బూడిద రంగు అలాంటి వన్స్‌మోర్‌లన్నీ కలిసి వేసిన పూత. చెక్కుచెదరని ప్లేటు దొరికిందంటే దాన్ని ఎవరూ పెద్దగా వినలేదన్నమాట. సేకరించేవాళ్ళు అలాంటిదాన్ని అందరికన్నా ఎక్కువ ధర పెట్టి కొంటారు. నాకు అర్థం కాని విషయం ఇది. వినడానికే పుట్టిన వస్తువుకు, విననందుకు విలువ పెరగడం.

పాడటంలోనూ ఈ రెండు వస్తువుల చేయి ఉంది. పది అంగుళాల 78 ఒక వైపు మూడు నిమిషాలు దాటి కొద్దిగానే మోస్తుంది. రంగస్థలం మీద ఒక పద్యం చివర తీసే రాగానికే అంత సమయం పట్టేది. 1925లో విద్యుత్ రికార్డింగు రాకముందు గాయకులు కొమ్ముబూరలోకి గొంతెత్తి పాడాలి, లేకపోతే మైనం మీద అక్షరం పడదు. ఆ కాలపు ప్లేట్లలో పద్యం కంటే గొంతు బలమే ఎక్కువగా వినబడుతుంది. ఘంటసాల మైకు కాలం మనిషి. మూడు నిమిషాలకు లొంగి, రాగాన్ని చివర వేలాడదీయకుండా మాట వెంట నడిపించాడు. ‘పుష్పవిలాపం’లో పూలు కవితో మొరపెట్టుకుంటాయి. ఆ మొరలో ప్రతి అక్షరం వినబడాలి, వినబడుతుంది. తెలుగు పద్యం చదివే పద్ధతినే ఆయన మార్చాడంటారు. ఆ మార్పులో సగం ఆయన ప్రతిభ, సగం ఈ లక్క ప్లేటు ఇరుకుదనం అని నా నమ్మకం.

సగంలో ప్లేటు తిప్పాలి. ఇప్పుడు ఫోనులో వింటే రెండు భాగాలూ అతుక్కుని ఒకటే ప్రవాహంగా వస్తాయి. 78 మీద మాత్రం మొదటి వైపు అయిపోగానే ముల్లు లోపలి గాడిలో బుసకొడుతూ తిరుగుతుంది. లేచి, ముల్లు ఎత్తి, ప్లేటు తిప్పి, ముల్లు మార్చి, మళ్ళీ పెట్టేదాకా గదిలో మాట ఉండదు. పూల మొర సగంలో ఆగినట్టుంటుంది. ఆ నిశ్శబ్దాన్ని ఎవరూ ఉద్దేశించి పెట్టలేదు. అయినా నాకు అది పద్యంలో భాగమే.

‘భగవద్గీత’ స్వభావం వేరు. శ్లోకం పాడి, వెంటనే తెలుగు తాత్పర్యం మాటల్లో చెప్తారు. ఈ నిడివిని 78 మొయ్యలేదు. ఎల్పీ ఒక వైపు ఇరవై నిమిషాలకు పైగా నడిచేదాకా ఇలాంటి ప్రణాళిక ఎవరికీ తట్టి ఉండదు. గొంతులో పాత ఉరకలు లేవు. ఆ స్థానంలో ఒక బరువు ఉంది. తాత్పర్యం చెప్పేటప్పుడు మాటకూ మాటకూ మధ్య ఆయన వదిలే జాగా ఈ రికార్డులో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం. పాత కాపీ కొన్నవాడిని ఏడిపించేదీ ఆ జాగాయే. 78 బుస ఎడతెగని వాన చప్పుడు లాంటిది, అర నిమిషంలో చెవి దాన్ని మరిచిపోతుంది. ఎల్పీ మీది టిక్కు అలా కాదు. ఒకటి వస్తుంది, ఆగుతుంది, మరొకటి ఎప్పుడొస్తుందో తెలియదు. చెవి దానికోసమే కాచుకుని ఉంటుంది. శ్లోకం నడుస్తున్నంతసేపూ వాద్యాల కింద అణిగిపోయిన టిక్కులు తాత్పర్యంలోని మౌనంలో ఒక్కొక్కటిగా పైకి లేస్తాయి. అంటే ఎక్కువ చప్పుడున్న 78 పాటను తక్కువ చెడగొడుతుంది, తక్కువ చప్పుడున్న ఎల్పీ ఎక్కువ చెడగొడుతుంది. కొలతల పట్టికలు చెప్పేదానికి ఇది తలకిందులు. నేను మాత్రం కొలతల కంటే చెవినే నమ్ముతాను.

ఈపీల గురించి ఒక్క మాటే. సినిమా పాటలకు అసలు వాహనం అవే, వైపుకు రెండేసి పాటలు, చవక, చిన్న సంచీలో పట్టేవి. మన దేశంలో 78 ప్లేట్లు అరవైలలో కూడా అచ్చయ్యాయి, బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ లక్క మీద వచ్చాయి. కాబట్టి ఆ కాలపు సినిమా పాట ఒక్కోటి రెండు రూపాల్లోనూ దొరికే అవకాశం ఉంది.

దొరకడం అన్నానా, అది వేరే కథ. తెలుగు రికార్డింగులు ఎక్కువగా మద్రాసులో జరిగాయి. అక్కడి మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయింది. దాంతోపాటు ఏమేం పోయాయో తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. హైదరాబాదులో ఆదివారం ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరిచినచోట అప్పుడప్పుడూ ఒక కట్ట కనబడుతుంది. జుమేరాత్ బజారులో ఇత్తడి సామాను మధ్య దొరుకుతుంది. రెండుచోట్లా ‘భగవద్గీత’ తరచూ కనబడుతుంది, ‘పుష్పవిలాపం’ అరుదు. కారణం తేలికే. గీత వినని వాళ్ళు కూడా కొన్నారు. కవరు మీద సిరాతో పేరు, తేదీ, పెళ్ళికానుక అన్న మాట, ఒక మూల ఎండిన కుంకుమ చుక్క. దేవుడి గదిలో బతికిన రికార్డు అది. నా చేతికొచ్చిన ఆరేడు కాపీలలోనూ ఒకటే తీరు చూశాను. విషాదయోగం ఉన్న మొదటి వైపు బాగా అరిగి ఉంటుంది, తర్వాతివి మెరుస్తుంటాయి. అర్జునుడు విల్లు వదిలేసి కూలబడినచోటిదాకా అందరూ విన్నారు.

దొరికినవాటిని గోడగడియారాలుగా కోసి అమ్మేవాళ్ళున్నారు. వేడిపెట్టి గిన్నెలుగా వంచుతారు. అందంగా ఉన్నాయని కొంటారు కూడా. ఆ గడియారాన్ని చూసినప్పుడు ముళ్ళ వెనక లేబులు మీది పేరు చదవకుండా ఉండలేను. ఇది తప్పు అని గట్టిగా చెప్పాలనిపిస్తుంది, చెబుతున్నాను.

ఏది కొనాలి అని అడిగితే నా తీర్పు ఇది. పద్యమైతే అరిగినా సరే 78నే కొనండి. ఆ గొంతు ఆ ఇరుకులో పుట్టింది, ఆ బుస దానికి పరాయిది కాదు. మాట, మౌనం ముఖ్యమైతే ఎల్పీ కొనండి, కానీ వినిపించనివాడి దగ్గర కొనొద్దు. వినిపించలేనంటే ధర సగానికి దించమని అడగండి. గీతనైతే నాలుగు కాపీలు చూసి ఒకటి తీసుకోవచ్చు. పూల విషయంలో ఆ సౌఖ్యం లేదు.

గుంటూరులో ఒక పాత ఇంట్లో సామాను తీసేస్తున్నారని తెలిసి వెళ్ళాను. గోనెసంచిలో పదిహేను ప్లేట్లు, కాగితపు కవర్లు లేకుండా ఒకదాని మీద ఒకటి. “తీసుకుపో నాయనా, మా ఇంట్లో ఇవి వినేవాళ్ళు లేరు” అంది పెద్దావిడ. డబ్బు వద్దంటే బలవంతంగా చేతిలో పెట్టాను. అందులో పుష్పవిలాపం ఉంది. రెండో వైపు మీద అంచు నుంచి లోపలికి సన్నటి చీలిక, ముల్లు పెడితే ప్రతి చుట్టులోనూ టక్‌మంటుంది. మొదటి వైపు మాత్రం బాగుంది. ఆరేళ్ళ తర్వాత ఆబిడ్స్‌లో ఇంకో కాపీ దొరికింది. దాని మొదటి వైపు బూడిదగా తిరిగిపోయింది, రెండో వైపు నల్లగా ఉంది.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కనే ఉంచుతాను. గుంటూరు ప్లేటు మొదటి వైపు వేస్తాను. అది అయిపోయాక తిప్పను. దాన్ని తీసి, హైదరాబాదు ప్లేటు రెండో వైపు పెడతాను.