సెల్బోర్న్: వానకోయిలలూ, కూలీలూ

గిల్బర్ట్ వైట్ వ్రాసిన సెల్బోర్న్ ప్రకృతి చరిత్ర (1789)ను ప్రశాంత గ్రంథమని మెచ్చుకోవడం ఆనవాయితీ అయింది. ఈ మెప్పులో వానకోయిలలూ, తాబేలూ మిగులుతున్నాయి, మనుషులు కనుమరుగవుతున్నారు.

హాంప్‌షైర్ తూర్పు కొసన, ససెక్స్ సరిహద్దున, లండనుకు నైరుతిగా సుమారు 50 మైళ్ళ దూరాన వున్న పారిష్ యిది. పారిష్ అంటే చర్చి చుట్టూ వున్న వూరు మాత్రమే కాదు. ఆ రోజులలో దశమభాగం వసూలుకూ, పేదల పోషణకూ కూడా అదే హద్దు. వూరిపక్కన 300 అడుగుల సుద్దకొండ, దానిమీద బీచి చెట్ల అడవి. వీధికి ఒకవైపు బంకమన్ను. మరోవైపు మంచుకూ వానకూ పొడి అయి తానే ఎరువయ్యే తెల్లరాతి నేల. నోర్ హిల్ దగ్గర పుట్టిన రెండు వాగులలో ఒకటి దక్షిణాన ఇంగ్లీషు ఛానెల్‌కూ, రెండవది థేమ్సు ద్వారా ఉత్తర సముద్రానికీ చేరుతాయి. బండ్ల రాకపోకలకూ నీటి ఒరవడికీ అరిగి, పొలాలకంటె 16, 18 అడుగుల లోతుకు దిగిన దారులను గురించి ఆతడు వ్రాసిన పుట భూగోళ విద్యార్థులు తప్పక చదవదగినది.

వైట్‌కు మనుషులు పట్టలేదనడం అన్యాయం. 1783 నాటి లెక్క ఇచ్చాడు: 136 కుటుంబాలు, 676 మంది. పేదలు విస్తారంగా వున్నారని దాచలేదు. ఆడవాళ్ళు పైరులో కలుపు తీస్తారనీ, సెప్టెంబరులో హాప్ కోతకు పోతారనీ, పూర్వం ఉన్ని వడికేవారనీ చెప్పాడు. తుంగ బెండును కొవ్వులో ముంచి చేసే దీపాలు ఫార్దింగుకు అయిదున్నర గంటల వెలుగు ఇస్తాయని పేదయింటి పక్షాన గుణించి చూపాడు. ఇది సామాన్యమైన చూపు కాదు.

కాని ఆ చూపు ఒకచోట ఆగిపోతుంది. పేదరికం వున్నది, ఎందుకున్నదన్న ప్రశ్న లేదు. 1233లో స్థాపించిన మఠం ఆస్తులు పదిహేనవ శతాబ్దం చివర ఆక్స్‌ఫర్డులోని మాగ్డలెన్ కాలేజీకి దక్కాయి. ఆ కథను వైట్ శ్రద్ధగానే వ్రాశాడు. అయితే దానిని పురాతత్వమని విడదీసి వెనుక పెట్టాడు. కలుపు తీసే చేతులతో ముడివేయలేదు. వాగు ఏ సముద్రంలో పడుతుందో చెప్పినవాడు పంట ఎవరి గాదెలో పడుతుందో చెప్పలేదు.

ఆతడు పోయిన 37 ఏళ్ళకు, 1830 నవంబరులో, దక్షిణ ఇంగ్లండు కూలీలు తిరగబడ్డారు. సెల్బోర్న్ జనం దశమభాగం తగ్గించమని వికారును నిలదీశారు. ఆ భారం తగ్గితే రైతులు కూలి పెంచగలరన్నది వారి లెక్క. పేదలను వుంచి పనిచేయించే వర్క్‌హౌస్‌ను ధ్వంసం చేశారు. కొందరిని ఆస్ట్రేలియాకు ద్వీపాంతరం పంపారు.

దీనిని ముందే వూహించలేదని వైట్‌ను తప్పుపట్టడం మూఢత్వం. 1830 జరిగిన తరువాత కూడా 'ప్రశాంత సెల్బోర్న్' అంటున్నవారితోనే మన పేచీ. రేమండ్ విలియమ్స్ 1973లో వైట్‌ను ఆ ప్రాంతంవారే అయిన జేన్ ఆస్టిన్, కాబెట్‌ల పక్కన పెట్టి చదివాడు. ఒకరికి పక్షి, ఒకరికి ఎస్టేటు, ఒకరికి కూలి ధర. నేల మాత్రం ఒకటే.